లోటు మీద ఒక వాక్యం

ప్రభుత్వానికి ఎంత లోటు ఉన్నా కంగారు పడనవసరం లేదని పదకొండేళ్ళుగా టీవీలో చెబుతూ వస్తున్న అమిల్కార్ బెర్గాల్లి, తన ఇంటి లోటు పదకొండు వేల డాలర్లని ఒక బుధవారం సాయంత్రం వంటింట్లో నిలబడి తెలుసుకున్నాడు.

తెలియజేసింది భార్య ఎల్విరా. ఆమె పళ్ళ డాక్టరు. ఇంటి ముందు గదే ఆమె క్లినిక్. ఆ సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళాక ఆమె అక్కడి నుంచి ఆరు అట్టపెట్టెలు మోసుకొచ్చి వంటింటి బల్ల మీద వరసగా పెట్టింది. పేషెంట్ల పళ్ళకు తీసిన ప్లాస్టర్ అచ్చులు దాచే పెట్టెలవి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసి ఉంది. వాటిలో రెండు పేర్లు అమిల్కార్‌కు గుర్తే. వాళ్ళ అంత్యక్రియలకు మొగుడూ పెళ్ళాం కలిసే వెళ్ళారు. మూతలు తీస్తే లోపల పళ్ళు లేవు. రబ్బరు బ్యాండ్లు బిగించిన వంద డాలర్ల కట్టలున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"ఈ ఇంట్లోకి వచ్చిన రెండో ఏడు నుంచి."

"నాకు ఒక్క మాటైనా చెప్పకుండా!"

"చెప్పి ఉంటే నువ్వు టీవీలో అబద్ధం ఆడాల్సి వచ్చేది. ఇప్పటిదాకా నిజాయితీగా తప్పు చెప్పావు. అది నేను చేసిన ఉపకారమే, బొద్దోడా."

అమిల్కార్ చీపురుపుల్లలా ఉంటాడు. ముద్దొచ్చినా కోపమొచ్చినా ఆమె పిలుపు మాత్రం అదే. ఆ పూట రెండింటిలో ఏదో ఆయనకు తెలియలేదు.

లెక్క పెడితే యాభై ఒక్క వేలు తేలాయి. కావలసింది అరవై రెండు. పందొమ్మిదేళ్ళుగా వాళ్ళు అద్దెకుంటున్న ఈ మూడో అంతస్తు ఇల్లు, కింద వాటాలో ఉండే దోన్యా పెర్లాది. అద్దె ఒప్పందం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆవిడ ఇల్లు అమ్మేస్తానంది. శుక్రవారం పొద్దున పది గంటల వరకు వీళ్ళకు గడువు. ఆ తర్వాత మెందోసా ఊరి నుంచి ఒక జంట డబ్బు సంచీతో వస్తారు. అరవై రెండు వేల డాలర్లు, నోట్ల రూపంలో, ఒకే విడతలో. బేరం లేదు. ఇల్లు పోతే క్లినిక్ పోతుంది. క్లినిక్ పోతే, మెట్లెక్కడానికి అలవాటు పడిన ఇన్నేళ్ళ పాత పేషెంట్లు పోతారు. యాభై ఆరేళ్ళ వయసులో ఇంకో పేటలో కొత్త నోళ్ళు వెతుక్కోవడం తన వల్ల కాదని ఎల్విరా ఆ నెలంతా చెబుతూనే ఉంది.

"తక్కువైన పదకొండు వేలు నీవి," అందామె.

"నా దగ్గర ఒక్క డాలరు కూడా లేదని నీకు తెలుసుగా."

"మన పెసోలున్నాయిగా. నీ మీద నమ్మకంతో బ్యాంకులో వడ్డీకి పడుకుని ఉన్నాయి పాపం. రేపటితో గడువు తీరుతోంది. తీసుకుని గుహకు వెళ్ళి కొనుక్కురా."

గుహ అనే మాట ఆ ఇంట్లో వినబడటం అదే మొదటిసారి. అనుమతి లేకుండా డాలర్లు అమ్మే ఆ వెనక గదులను అమిల్కార్ టీవీలో 'సమాంతర విపణి' అనేవాడు, ముక్కు కొద్దిగా పైకెత్తి.

"నాకెక్కడ తెలుస్తుంది? నువ్వే వెళ్ళకూడదూ?"

"నేను పదిహేడేళ్ళు వెళ్ళాను. నువ్వు టీవీకెక్కాక తలకు స్కార్ఫు కట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, చామంతి పెళ్ళాం డాలర్లు కొంటోందని నలుగురూ అనుకోకూడదని దొంగలా తిరిగాను. ఈసారి నువ్వెళ్ళు. ఒక్కసారి, నీ కాళ్ళతో."

చామంతి అంటే ఆయనే. ప్రతి గురువారం రాత్రి ఎనిమిదింటి వార్తల్లో ఆయన వచ్చి పది నిమిషాలు మాట్లాడతాడు. జనం చామంతి టీ తాగి నిద్రపోయినట్టు ఉంటుందట ఆ మాటలు వింటే. ఏదో పత్రికవాడు పెట్టిన పేరు, అతుక్కుపోయింది. ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకటే. రాజ్యం అంటే కుటుంబం కాదు. కుటుంబం నోట్లు అచ్చు వేసుకోలేదు, రాజ్యం వేసుకోగలదు. రాజ్యం ఖర్చు ఆదాయాన్ని మించితే ఆ మించిన డబ్బు చేరేది జనం జేబుల్లోకే. అక్కడి లోటు ఇక్కడి మిగులు. కాబట్టి లోటు ప్రమాదం కాదు. లోటును చూసి భయపడటం ప్రమాదం.

ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు ఒక మెట్టు దిగేది. ఆ గొంతు తనది కాదని ఆయనకు చాలా ఏళ్ళ కిందటే, మానసిక విశ్లేషకురాలి సోఫా మీద, తెలిసింది. రొసారియో ఊళ్ళో నాన్నకు ఇనుప సామాన్ల కొట్టుండేది. అరలు ఖాళీ అయినకొద్దీ నాన్న గొంతు మెత్తబడేది. అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడిన రోజున అది పట్టులా ఉంది. 'అంతా సవ్యంగానే ఉంది, అబ్బాయ్.' తెలిసినంత మాత్రాన గొంతు మారదని కూడా ఆ సోఫా మీదే తెలిసింది, దానికి వేరే ఫీజు.

ఒక్క విషయం మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు, విశ్లేషకురాలికి కూడా. ఈ ఊళ్ళో జనం ఆయన మాట వింటారు; వినగానే డాలర్లు కొంటారు. పైవాళ్ళు కంగారు పడవద్దంటే కంగారు పడే సమయం వచ్చిందని వాళ్ళ లెక్క. కరెన్సీ నుంచి పదమూడు సున్నాలు ఎగిరిపోవడం చూసినవాళ్ళు వాళ్ళు. ప్రతి సున్నా ముందూ ఎవరో ఒకరు మెత్తని గొంతుతో మాట్లాడారు. దోన్యా పెర్లా అయితే మెట్ల మీద కనబడినప్పుడు మొహమాటం లేకుండా చెప్పేది. "నిన్న బ్రహ్మాండంగా మాట్లాడారు, సెన్యోర్ బెర్గాల్లి. వింటూనే మా అల్లుణ్ణి పరుగెత్తించి రెండు వందలు కొనిపించాను." ఆయన నవ్వి తప్పుకునేవాడు. ఆ నవ్వుకు పైకి వచ్చేదాకా దవడ నొప్పి పెట్టేది.

గురువారం పదకొండు గంటలకు బ్యాంకు కౌంటర్లో అమ్మాయి నలభై నాలుగు కట్టలు, ఎనభై ఎనిమిది లక్షల పెసోలు, ఆయన ముందు పేర్చింది. డాలరు ఆ పొద్దున ఎనిమిది వందలు. సరిగ్గా సరిపోతాయి. "మళ్ళీ వడ్డీకి వెయ్యరా?" అని ఆశ్చర్యంగా అడిగి, ఆయన సంచీ తెరవడం చూసి, గొంతు తగ్గించి, "డాలర్లు కొనుక్కోమని మా అమ్మకు ఫోన్ చెయ్యమంటారా?" అంది. ఆయన కట్టలు సంచీలో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి చెయ్యి అప్పటికే ఫోన్ మీద ఉంది.

లవాయ్యె వీధిలోని ఆ దుకాణాల సందుకు ఎల్విరా దారి రాసిచ్చింది. 'కాంబియో, కాంబియో' అని, డబ్బు మార్చిస్తామంటూ గొణుగుతూ నిలబడిన మనుషులను దాటుకుని ఆయన వీపున సంచీతో నడిచాడు. పుస్తకాల బరువు మోసే ప్రొఫెసర్‌లా కనబడాలని ప్రయత్నించి, ప్రయత్నిస్తున్నవాడిలా కనబడ్డాడు. చివర్న తపాలా బిళ్ళల కొట్టు. అద్దాల వెనక ఎండకు వెలిసిపోయిన బిళ్ళలు. అవి కొనేవాణ్ణి ఈ ముప్పై ఏళ్ళలో ఎవరూ చూసి ఉండరు. లోపల తెర, తెర వెనక గది, గదిలో ఒక బల్ల, నోట్లు లెక్కపెట్టే యంత్రం, వాల్తెర్ అనే బట్టతల మనిషి.

"ఎంత?" అన్నాడు వాల్తెర్ తల ఎత్తకుండా.

"పదకొండు వేలు."

"ఎనిమిది వందలు," అని కాగితం ముక్క మీద రాసి, తలెత్తాడు. కలం ఆగిపోయింది. "అమ్మ బాబోయ్! చామంతి!"

"కొంచెం నెమ్మదిగా."

"నెమ్మదా! ప్రొఫెసర్ గారూ, మా ఆవిడ మిమ్మల్ని చూడకుండా భోజనానికి కూర్చోదు." ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూనే రెండో చేత్తో వాల్తెర్ ఫోన్‌లో ఏదో కొట్టాడు. ఆ తర్వాత రాసిన అంకెను కొట్టేసి కింద ఇంకోటి రాశాడు. ఎనిమిది వందల అరవై.

"ఇదేమిటి? ఇప్పుడే ఎనిమిది వందలన్నారు!"

"అది మీరు ఎవరో తెలియకముందు."

"నన్ను చూసి ధర పెరగడం ఏమిటయ్యా! దీనికేమైనా అర్థం ఉందా?"

"అర్థం మీరే నేర్పారు కదా సార్. లోటు కాదు ప్రమాదం, భయమే ప్రమాదం అన్నారు. మీరు భయపడ్డారు. మిమ్మల్ని చూసి నేను భయపడ్డాను. నాకూ పిల్లలున్నారు."

"నాకు భయమేమీ లేదు. ఇల్లు కొంటున్నాను."

"అందరూ అదే చెబుతారు. కడుపులో మంట అని వస్తారు మా బావమరిది దగ్గరికి, అతను గుండె డాక్టరు."

అమిల్కార్ రెండు అంకెలనూ మళ్ళీ చదివాడు. పదకొండేళ్ళుగా బోర్డు మీద గీసి చూపిస్తున్న బొమ్మ లోపలికి తనే నడిచి వచ్చి నిలబడ్డాడు. నమ్మకం పోతే ధర కదులుతుంది, ధర కదిలితే ఇంకాస్త నమ్మకం పోతుంది. ఆ బొమ్మలో మొదటి బాణం గుర్తు దగ్గర ఎవడో ఒక మూర్ఖుడు ఉంటాడని ఆయన ఎప్పుడూ అనుకునేవాడు. వాడికి ముఖం ఉంటుందని మాత్రం అనుకోలేదు.

ఆరు లక్షల అరవై వేలు తక్కువ. ఇంకో గుహకు వెళ్ళినా లాభం లేదని వాల్తెరే మర్యాదగా చెప్పాడు. చామంతి కొంటున్నాడనే కబురు ఈపాటికి ఊళ్ళోని గుహలన్నిటికీ చేరి ఉంటుంది, పంపింది తనే.

అప్పుడు మూలన కుర్చీలో, తపాలా బిళ్ళల ఆల్బమ్‌ను ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గాడు. ఆ దగ్గు అమిల్కార్‌కు తెలుసు. ప్రతి గురువారం మేకప్ గదిలో పక్క కుర్చీలోంచి వినబడే దగ్గు.

"ఫెర్మీన్?"

ఆల్బమ్ కిందికి దిగింది. ఫెర్మీన్ గోమెన్సోరో. అమిల్కార్ తర్వాతి గంటలో అదే చానల్లో వచ్చి, లోటు వల్ల దేశం బూడిదైపోతుందని పన్నెండేళ్ళుగా చెబుతున్న ఆర్థికవేత్త. నెల తేదీతో సహా చెబుతాడు. ఆ తేదీ గడిచిపోతే ఇంకో తేదీ చెబుతాడు. జీతం అమిల్కార్ కంటే ఎక్కువ. నిప్పుకు ప్రేక్షకులు ఎక్కువ.

"నువ్వు ఇక్కడ కొంటున్నావా?" అన్నాడు అమిల్కార్.

ఫెర్మీన్ ఆల్బమ్ మూసి పక్కన పెట్టాడు. జవాబు వాల్తెరే చెప్పాడు. "లేదు సార్. ఆయన అమ్మడానికి వచ్చారు."

మొదట నవ్వింది వాల్తెర్.

ఇద్దరు ఆర్థికవేత్తలూ ఆ సందు మొదట్లో ఉన్న కాఫీ కొట్టులో గోడ వైపు తిరిగి కూర్చున్నారు. సంచీని అమిల్కార్ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"కూతురికి పదిహేనేళ్ళు వస్తున్నాయి," అన్నాడు ఫెర్మీన్, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "పదిహేనో పుట్టినరోజంటే పెళ్ళంత ఖర్చు: హాలు, గౌను, బ్యాండు, నూట ఇరవై మందికి భోజనాలు. అన్నీ పెసోల్లో కట్టాలి. పదకొండు వేల డాలర్లు తెచ్చాను. నేను డాలర్లు అమ్మానని బయటికి పొక్కితే నా పని అయిపోయినట్టే."

"దేశం మార్చిలో తగలబడుతుందన్నావు కదయ్యా. పార్టీ ఎప్పుడు?"

"ఏప్రిల్లో. నవ్వకు. మా అమ్మాయి కూడా అదే అంది, 'నాన్నా, ఆ మంటలేవో నా పుట్టినరోజు అయ్యాక పెట్టుకో' అని." చక్కెర పొట్లం చింపి కప్పులో పోయకుండా బల్ల మీద పోశాడు. "నీ సంగతేంటి? పెసో అంత బంగారమైతే సంచీ నిండా వేసుకుని వదిలించుకోవడానికి ఎందుకొచ్చావు?"

"ఇల్లు అమ్మే ఆవిడ పెసోలు తీసుకోదు."

"ఆవిడకు చెప్పలేకపోయావా, రాజ్యం కుటుంబం కాదని?"

"చెప్పాను. పదకొండేళ్ళుగా వింటోంది."

అక్కడి నుంచి బేరం దానంతటదే వచ్చింది. ఒకడి దగ్గర పదకొండు వేల డాలర్లు, ఇంకొకడి దగ్గర ఎనభై ఎనిమిది లక్షల పెసోలు. మధ్యలో వాల్తెర్ అవసరం లేదు. "అన్నీ పెద్ద తల నోట్లేనా?" అని అడిగి అమిల్కార్ తనే ఉలిక్కిపడ్డాడు. అమెరికావాడి పాత నోట్లలో బొమ్మ తల చిన్నదని, వాటికి ఈ ఊళ్ళో ధర తక్కువని, జీవితంలో ఒక్క డాలరైనా కొనని తనకు ఎలా తెలిసింది? ఎవరూ నేర్పలేదు. ఈ ఊళ్ళో గాలి పీల్చినవాడికి అది ఒంటికి పట్టేస్తుంది.

"ధర ఎనిమిది వందల అరవై," అన్నాడు ఫెర్మీన్.

"నీ డాలర్లు అమ్మడానికి వాల్తెర్ నీకు ఏడు వందల ఎనభై ఇస్తానని ఉంటాడు."

"అది నువ్వు లోపలికి రాకముందు."

"మళ్ళీ అదే మాట!"

ఫెర్మీన్ బల్ల మీద చక్కెరలో వేలితో గీతలు గీశాడు. తర్వాత, ముఖం ఎత్తకుండా, "ఎనిమిది వందలకే ఇస్తాను," అన్నాడు. "ఒక షరతు. ఇవాళ నీ పది నిమిషాల్లో ఒక వాక్యం చెప్పు. 'ఇంత లోటు ప్రమాదమే, ఫెర్మీన్ గోమెన్సోరో చెప్పింది నిజం.' అంతే. ఒక్క వాక్యం."

"నీకు మతి పోయిందా?"

"పన్నెండేళ్ళు, అమిల్కార్! పన్నెండేళ్ళుగా అరుస్తున్నాను. వింటారు, భయపడతారు, చప్పట్లు కొడతారు. కానీ మన రంగంలో ఉన్నవాడు ఒక్కడైనా, 'అవును ఫెర్మీన్' అన్నాడా? మా ఆవిడైనా అనలేదు. అనవలసిన అవసరం లేదు కదా అంటుంది, నీకు జీతం వస్తోంది కదా అంటుంది." అతని కళ్ళు తడిగా ఉన్నాయి. భూకంపాలు జోస్యం చెప్పే మనిషి ఏడుస్తుంటే చూడటం అమిల్కార్‌కు ఇబ్బందిగా అనిపించింది. ఇంకా ఇబ్బందిగా, కొంచెం అసూయగా కూడా అనిపించింది. ఇతనికి కనీసం ఏం కావాలో తెలుసు.

ఒప్పుకోవడానికి కాఫీ చల్లారేంత సేపు పట్టింది. ఆ సేపట్లో అమిల్కార్ మనసు ఎంతో చురుగ్గా పనిచేసింది. తప్పు చేసే ముందు అది ఎప్పుడూ చురుగ్గానే ఉంటుంది. అసలు ఇది అబద్ధమా? లోటు దానంతటది ప్రమాదం కాదు. కానీ దాన్ని పూడ్చడానికి అచ్చు వేసిన నోటును అందుకున్న ప్రతివాడూ వేడి పెనం ముట్టుకున్నట్టు వదిలించుకునే చోట, ప్రమాదమే. అంటే ఇక్కడ. అంటే తన సిద్ధాంతానికి అడుగున చిన్న అక్షరాల్లో రాసుకున్న మినహాయింపును ఇవాళ పెద్ద అక్షరాల్లో చదవడం. నిజం చెబుతున్నాడు, కాస్త ఎంపిక చేసి. ఇంతకు ముందు చేసిందీ అదేగా. ఈ వరసలో ఆలోచించుకుంటూ పోయేసరికి, ఆరు లక్షల అరవై వేల కోసం కాక శాస్త్రం కోసమే ఒప్పుకుంటున్నట్టు ఆయనకు తోచింది. చెయ్యి చాపాడు.

కొట్టు వెనక మరుగుదొడ్డిలో, కుళాయి తిప్పి వదిలేసి, కమోడు మూత మీద నోట్లు పేర్చి లెక్కపెట్టుకున్నారు. అన్నీ పెద్ద తలలే.

ఆ రాత్రి ఎనిమిది దాటిన ఏడో నిమిషంలో, వార్తలు చదివే అమ్మాయి ఎప్పటిలాగే అడిగింది. "ఈ నెల లోటు ఇంకా పెరిగిందట. మేము కంగారు పడాలా, ప్రొఫెసర్?" ప్రశ్న అడుగుతూనే ఆమె తర్వాతి కాగితం తీసుకుంటోంది. జవాబు ఆమెకు కంఠతా వచ్చు.

"ఇంత లోటు ప్రమాదమే," అన్నాడు అమిల్కార్. "ఫెర్మీన్ గోమెన్సోరో చెప్పింది నిజం."

కాగితం ఆమె చేతిలోంచి జారింది. కెమెరా వెనక ఎవరో హెడ్‌ఫోన్లు తీసి పక్కవాణ్ణి చూశారు. ఆయన గొంతు ఒక మెట్టు దిగలేదు. ఎక్కనూ లేదు. అది ఎవరిదో కొత్త గొంతులా, కొంచెం బొంగురుగా, నిద్ర లేచినవాడి గొంతులా ఉంది. తర్వాతి మూడు నిమిషాలు ఏం చెప్పాడో ఆయనకు గుర్తు లేదు. మేకప్ గదిలో ఫెర్మీన్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

శుక్రవారం పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. ఫెర్మీన్.

"తొమ్మిది వందల ముప్పై!" అని అరిచాడు. "నువ్వు అలా చెప్పేసరికి ఊరు ఊరంతా గుహల ముందు నిలబడింది! నా పదకొండు వేలు నీకు ఎనిమిది వందలకు ఇచ్చాను కదరా! నన్ను నాశనం చేశావు!"

"నువ్వు చెప్పినట్టే అయింది కదా, ఫెర్మీన్."

"అయింది! మొదటిసారి అయింది! అప్పుడు నా దగ్గర ఏమున్నాయి? పెసోలు!"

ఎల్విరా ఆ సంభాషణ విని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నెలలో అంతగా నవ్వడం అదే మొదలు. అరవై రెండు వేలనూ ఒక అట్టపెట్టెలో సర్ది, పైన ఎవరో స్వర్గస్థుడి కింది దవడ అచ్చు పెట్టి, "జాగ్రత్తగా దిగు, బొద్దోడా," అంది.

పది గంటలకు పది నిమిషాల ముందే ఆయన దోన్యా పెర్లా గుమ్మంలో ఉన్నాడు. ఎనభై ఒక్కేళ్ళ ఆవిడ చేతిలో మాతే అనే ఆకు టీ కప్పుతో తలుపు తీసింది. లోపలికి రమ్మంది, కూర్చోమంది, తన గొట్టంతోనే ఒక గుక్క మాతే ఇచ్చింది. పెట్టె వంక మాత్రం చూడలేదు.

"తెచ్చాను, దోన్యా పెర్లా. పూర్తిగా. పెద్ద తలలు."

"తీసుకుపోండి నాయనా. నేను అమ్మడం లేదు."

"అదేమిటి! గడువు పది వరకు అన్నారు. ఇంకా పది కాలేదు."

"మెందోసా వాళ్ళకు కూడా ఫోన్ చేసి రావద్దన్నాను. ఎవరికీ అమ్మను." ఆవిడ ముందుకు వంగి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వణుకుతోంది. "రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండేళ్ళుగా మిమ్మల్ని వింటున్నాను. మీరు ఫరవాలేదంటే నేను డాలర్లు కొన్నాను, అంతే, అది మామూలు జబ్బు, మందు తెలుసు. కానీ మీరే ప్రమాదం అన్నారంటే... మీరు! అంటే ఇది మనం చూడనిది. డాలర్లు కట్టలు కట్టుకుని ముసలిదాన్ని ఏం చేసుకోను? ఎవడైనా తలుపు తన్ని పట్టుకుపోతాడు. బ్యాంకులో పెడితే బ్యాంకువాడు పట్టుకుపోతాడు, ఒకసారి అయింది. ఇటుకలు ఎవడూ ఎత్తుకుపోలేడు."

"సరే, అమ్మకండి. అద్దెకు ఉంటాం. పందొమ్మిదేళ్ళుగా ఉన్నాంగా."

"అదీ ఆలోచించాను. రోజులు బాగాలేనప్పుడు అద్దెకున్నవాడు అద్దె ఇవ్వడు, ఖాళీ చెయ్యడు. మీరు అలాంటివారు కాదు, ఒట్టు, నాకు తెలుసు. కానీ ప్రమాదం వచ్చాక మీరెలాంటివారో మీకే తెలియదు కదా. ఖాళీ ఇల్లే భద్రం. నెలాఖరుకు తాళాలు ఇచ్చేయండి, బాబూ."

అమిల్కార్ గొంతు దానంతటదే ఒక మెట్టు దిగింది. "దోన్యా పెర్లా, నా మాట వినండి. అంతా సవ్యంగానే ఉంది. కంగారు పడాల్సింది ఏమీ లేదు."

ఆవిడ ముఖం తెల్లబోయింది. "అయ్యో, అంత దారుణంగా ఉందా!"

"కాదు, కాదు!" ఇక దాచి లాభం లేదు. ఆయన మొత్తం చెప్పేశాడు: గుహ, వాల్తెర్, ఫెర్మీన్ కూతురి గౌను, మరుగుదొడ్డిలో కుళాయి. "ఆ వాక్యం నేను నమ్మి చెప్పింది కాదు. అమ్ముకున్నది. ఎనిమిది వందల అరవై పలికే డాలరును ఎనిమిది వందలకు తెచ్చుకోవడానికి చెప్పాను. మీ ఇల్లు కొనడానికే చెప్పాను!"

దోన్యా పెర్లా నెమ్మదిగా వేళ్ళు మడిచి లెక్క కట్టింది. "ఎంతయింది మొత్తం? ఆరున్నర లక్షలు?"

"ఆరు లక్షల అరవై వేలు."

"చూశారా మరి," అందావిడ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "పదకొండేళ్ళు మీరు చెప్పినవన్నీ ఊరికే వచ్చిన మాటలు. చానల్ వాడు జీతమిచ్చి చెప్పించిన మాటలు. ఈ ఒక్కదానికి మాత్రం ఒక తెలివైన మనిషి సొంత జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు. ఈ దేశంలో మాటకు ఎవడు డబ్బు ఇస్తాడండీ, నిజం కాకపోతే?"

ఆయన నోరు తెరిచాడు. ఒప్పుకుంటే నమ్ముతుంది. కాదంటే ఇంకా నమ్ముతుంది. ఊరుకుంటే, అది అన్నిటికంటే గట్టి రుజువు. తెలిసిన సూత్రాలన్నీ ఆయన మనసులో ఒకసారి బారులు తీరి, ఒకదాని వెనక ఒకటి, మర్యాదగా బయటికి నడిచి వెళ్ళిపోయాయి. నోరు మూసుకున్నాడు.

"మీరు మంచివారు, సెన్యోర్ బెర్గాల్లి," అంది ఆవిడ తలుపు దాకా వచ్చి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్పకపోయి ఉంటే నేను ఇల్లు అమ్ముకుని మునిగిపోయేదాన్ని. నాకు జీవితంలో ఎవరూ ఇలా ముందుగా చెప్పలేదు."

పెట్టె పట్టుకుని ఆయన మెట్లెక్కాడు. మొదటి అంతస్తు దాకా ఎల్విరాకు ఏం చెప్పాలా అని ఆలోచించాడు. ఏ పేటలో, ఏ అంతస్తులో, యాభై ఆరేళ్ళ మనిషి కొత్త నోళ్ళు వెతుక్కుంటుంది అని ఆలోచించాడు. రెండో అంతస్తు దగ్గర, ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడు, తన లోపల ఇంకేదో కదులుతున్నట్టు గమనించాడు. దాన్ని పట్టి చూడటానికి ఆయనకు కొంత ధైర్యం కావలసి వచ్చింది. అది దుఃఖం కాదు. ఆ ముసలావిడ చెయ్యి తన మోకాలి మీద వణకడం గుర్తొస్తోంది. తన మాట విని రాత్రంతా నిద్రపోని మనిషి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషి తను చెప్పిన దాన్ని, చెప్పింది చెప్పినట్టే, నమ్మింది. ఇల్లు పోయింది, పెళ్ళాం పని పోయింది, ఆ నమ్మకం పనికిరానిది, కొనుక్కున్న వాక్యం మీద నిలబడింది. ఇవన్నీ ఆయనకు తెలుసు. తెలిసీ, అది తియ్యగా ఉంది. ఇల్లు దక్కినా ఇంత తియ్యగా ఉండేది కాదని కూడా తెలిసింది. ఆ తెలివిడికి సిగ్గేసింది. సిగ్గు కూడా ఆ తీపిని తగ్గించలేకపోయింది.

మూడో అంతస్తులో ఎల్విరా, తెల్లకోటులో, తలుపు తెరిచి నిలబడి ఉంది. ఆమె వెనక, ముందు గదిలో, పది గంటల పేషెంటు కుర్చీలో నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమె మొదట చూసింది భర్త చేతిలో పెట్టెను కాదు. ఆయన ముఖం చూసింది. దాని మీద పరచుకుని ఉన్న, ఎంత అణచుకున్నా అణగని నవ్వును చూసింది.

"అమ్మయ్య," అంది, గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుని. తర్వాత లోపలికి తిరిగి, "ఇకనించి ఈ ఇల్లు నాదే, దోన్ అనీబల్! పళ్ళు గట్టిగా ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళు రండి!" అని కేకేసింది.

నోట్లో అద్దంతో ఉన్న దోన్ అనీబల్ చప్పట్లు కొట్టాడు.